కట్టకు ఒకటి ఎక్కువ

కిందటి వారం మనం సరోజను కుంఠా నాకా టవల్ కార్మికుల సంఘం గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అక్కడే ఉంది. లోపల టవళ్లు మడతపెట్టే పెద్ద షెడ్డులో చాపలు పరిచారు. మూడు వందల మందికి పైగా సభ్యులు కూర్చున్నారు. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి పక్క హాల్లో మరమగ్గాలు ఆపేశారు. మనిషి మాట మనిషికి మామూలుగా వినపడుతోంది. ఆ పేటలో అదే పెద్ద విశేషం. అధ్యక్షుడు రామచంద్రం స్వయంగా గుమ్మం దాకా ఎదురొచ్చి, అందరూ వింటుండగా ఆమెను ఒక కోరిక కోరాడు.

"చెల్లే, ఇయాల చేతులు నువ్వే లెక్కవెట్టాలె. నీ లెక్క మీద ఎవ్వనికీ డౌట్ రాదు."

ఆ మాట దగ్గరే ఆపాం.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. సరోజకు నలభై ఆరేళ్లు. పదహారో ఏట నుంచి బీడీలు చుడుతోంది. భర్త శ్రీనివాస్ సంఘంలో పద్నాలుగో నెంబరు మగ్గం నడుపుతాడు. కూతురు రూపాలి అదే సంఘంలో టవళ్ల అంచులు కుడుతుంది. రెండు వారాల కిందట రూపాలి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఈసారి ఎలక్షన్ ఎప్పుడు?" అంతే. పావుగంటలో ఆమెను గ్రూపులోంచి తీసేశారు. మూడో రోజున నోటీసు బోర్డు మీద ఒక ఠరావు అంటించారు. ఠరావు అంటే మరాఠీ కలిసిన అక్కడివాళ్ల మాటలో తీర్మానం. అందులో రెండే అంశాలు. సంఘానికి ఇకమీదట ఎన్నికలు ఉండవు, రామచంద్రం ఓపిక ఉన్నన్నాళ్లు అధ్యక్షుడిగా ఉండి కమిటీని తానే వేసుకుంటాడు. ఇది మొదటిది. సంఘం గురించి బయట గానీ ఫోన్లో గానీ చెడ్డగా మాట్లాడినవాళ్ల సభ్యత్వం పోతుంది, వాళ్ల మగ్గం ఇంకొకరికి పోతుంది. ఇది రెండోది.

"చదివినవా అమ్మా?" అని రూపాలి అడిగితే, "అన్న ఏం జేసినా మన మంచికే జేస్తడు" అంది సరోజ. అన్నదే గానీ, ఆ మాట ఆమెకే పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

మరి రామచంద్రం అంటే ఎవరనుకున్నారు! ఆయన గురించి చెప్పేటప్పుడు ఈ కథ చెప్పేవాడి గొంతు కూడా కాస్త మెత్తబడుతుంది, దాచుకోవడం ఎందుకు. పద్దెనిమిదేళ్ల కిందట కార్ఖానా యజమాని మగ్గాలను పాత ఇనుము కింద అమ్మేస్తానంటే, గేటు ముందు ఇరవై ఒక్క రోజులు అడ్డంగా పడుకున్నాడు. ఇనుము కోసం వచ్చిన లారీ డ్రైవరు ఆయన్ని దాటి పోలేక, చివరికి ఆయన పక్కనే కూలబడి జొన్న భాక్రీ, వేరుశనగ చట్నీ తిని, ఖాళీ బండితో వెనక్కి పోయాడు. ఆ మగ్గాలే ఇవాళ సంఘం మగ్గాలు. కరోనా రోజుల్లో మగ్గాల హాల్లో పొయ్యి పెట్టించి గరిటె తనే పట్టుకున్నాడు. శ్రీనివాస్‌కు ఊపిరి అందనప్పుడు, ఆటోవాళ్లు భయపడి దగ్గరికి రాకపోతే, స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వెనకాల సరోజ భర్తను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ ఏడాది నుంచి రాఖీ పున్నమకు ఆమె కట్టే మొదటి రాఖీ రామచంద్రానిదే.

ఇంకొక్కటి చెప్పకపోతే అన్యాయం. సంఘం పెట్టిన రోజున, మగ్గం నడిపే మగవాళ్లకే సభ్యత్వం చాలని పెద్దలందరూ అన్నారు. ఆయన ఒక్కడే లేచి, "కండెలు చుట్టేటిది ఎవలు? అంచులు కుట్టేటిది ఎవలు? బీడీలు జేసి ఇల్లు నడిపేటిది ఎవలు?" అని నిలదీసి, ప్రతి ఇంట్లో ఆడమనిషి పేరు కూడా రాయించాడు. ఆ షెడ్డులో ఇవాళ సగానికి సగం చీరలు కనిపిస్తున్నాయంటే అది ఆయన పుణ్యమే. అలాంటి మనిషి అడిగితే సరోజ కాదని ఎలా అంటుంది? "సరే అన్నా" అని రెండో కాలు కూడా లోపల పెట్టింది.

ఆడవాళ్ల ముందు వరుసలో రామచంద్రం భార్య చంద్రభాగ కూర్చుని ఉంది. ఈమె, సరోజ రోజూ మధ్యాహ్నాలు ఒకే వసారాలో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. సరోజను చూడగానే చంద్రభాగ నీళ్ల సీసా అందించింది.

"కాయ్ ఝాలం, ఏమైంది? మొకం గట్ల వాడిందేంది?"

"ఏం లేదొదినా. అన్న లెక్కవెట్టుమన్నడు."

"లెక్కవెట్టు మరి," అంది చంద్రభాగ. అంతకుమించి ఆమె మాట్లాడే మనిషి కాదు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క సభ కూడా మానలేదు, ఒక్క సభలోనూ నోరు విప్పలేదు.

కార్యదర్శి సిద్ధరాములు రిజిస్టరు తెరిచాడు. ఆయనకు డెబ్బై దాటాయి. వాక్యానికి ఒకసారి దగ్గుతాడు. దగ్గు ఎక్కడ పడితే అక్కడే వాక్యం అయిపోయిందని పేటలో అందరికీ తెలుసు. హాజరైన సభ్యులు మూడు వందల పన్నెండు మంది అని చదివి దగ్గాడు. ఠరావు పాసు కావాలంటే మూడింట రెండు వంతుల చేతులు లేవాలి, అంటే రెండు వందల ఎనిమిది, అని చదివి మళ్లీ దగ్గాడు. ఆ నియమం రాయించింది కూడా రామచంద్రమే. రేపు ఏ సేటో పదిమందిని కొనుక్కుని సంఘం కట్టుబాట్లు మార్చేయకూడదని, ఆ రోజుల్లో పట్టుబట్టి పెట్టించాడు.

తర్వాత రామచంద్రం మైకు పట్టుకున్నాడు. నలభై ఏళ్ల మగ్గాల చప్పుడుకు ఆయన ఎడమ చెవి పోయింది. అందుకే మైకు ఉన్నా గట్టిగానే మాట్లాడతాడు.

"పోయిన ఎలక్షన్ల ఏమైంది? నూలు సేట్లు బిర్యానీ పొట్లాలు పంచిన్రు. ఒక్క తల్లి పిల్లలు ఏడాది మాట్లాడుకోలే. ఒక్క మగ్గం మీద పగలొకడు, రాత్రొకడు జేసేటోళ్లు ఒకని మొకం ఒకడు చూసుకోలే. ఎలక్షన్ అంటే ఏంది? మన నడుమ వాళ్లు పెట్టే కత్తెర. ఆ కత్తెర ఇయాల ఇసిరి పారేద్దాం. నా కోసం అడుగుతలేను. నాకు అరవై రెండేండ్లు, నాకేం గావాలె? మీరు చీలిపోతే చూసే ఓపిక నాకు లేదు. బస్, గంతే."

చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. కింద ఆడవాళ్లు కొందరు కొంగులు ఒత్తుకున్నారు. సరోజకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ కన్నీళ్లు నిజమైనవి, అక్కడే వచ్చింది చిక్కంతా. దొంగ ఏడుపు ఏడ్చేవాడిని తరిమికొట్టడం సులువు. మన కోసం నిజంగా ఏడ్చేవాడు మన చేతులు కట్టేస్తుంటే ఏం చేస్తాం? ప్రేమగా కడుతున్నాడు కదా అని చేతులు చాపుతాం.

"ఠరావు ఇష్టమున్నోళ్లు చేతులెత్తుండ్రి," అన్నాడు రామచంద్రం. తర్వాత నవ్వుతూ, "ఎత్తనోళ్లు ఎవలో నేను గూడ చూస్త" అని చేర్చాడు.

కొందరు నవ్వారు. కొన్ని చేతులు మాత్రం ఆ రెండో మాటకే లేచాయి.

సరోజ లెక్క మొదలుపెట్టింది. ఆమె లెక్క గురించి పేటలో ఒక కథే ఉంది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. ఆమె కట్టను బీడీ కార్ఖానాలో సరుకు చూసే చెకర్ విప్పి చూడటం మానేసి పదేళ్లయింది. అయినా ఆమె ప్రతి కట్టలో ఒకటి ఎక్కువే వేస్తుంది. బీడీలు చేసే ప్రతి ఇంట్లో ఉన్న అలవాటే అది. ఒక బీడీ తగ్గినా, విరిగినా చెకర్ కట్టంతా పక్కన పారేస్తాడు. ఆ భయానికి ఇరవై ఆరోది వేస్తారు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

చేతుల్ని కూడా ఆమె కట్టల్లోనే లెక్కపెట్టింది. నడుముకు దోపుకున్న దారపు ఉండ తీసి, ఇరవై ఐదు చేతులకు ఒక ముడి వేస్తూ వరుస వెంట నడిచింది. ముఖాలు చూడకూడదని ముందే ఒట్టు పెట్టుకుంది. ముఖం చూస్తే మనసు కదులుతుంది, మనసు కదిలితే లెక్క తప్పుతుంది. చేతులు మాత్రమే చూసింది. గోళ్లలో మగ్గం నూనె ఇంకిన చేతులు, చూపుడువేలి చివర గట్టిపడిన బీడీ చేతులు. ఒక చెయ్యి చిటికెన వేలు వంకరగా ఉంది. అది శ్రీనివాస్‌ది. చూడకుండానే తెలిసిపోయింది. దాన్నీ ఒకటిగా వేసి ముందుకు నడిచింది. చెవి దాకా లేచి ఆగిపోయిన చేతులు కొన్ని ఉన్నాయి. వాటినీ కలిపింది. లేచిన చేతిని అనుమానించే హక్కు తనకు లేదనుకుంది. రూపాలి ఎక్కడ కూర్చుందో మాత్రం చూడలేదు.

ఎనిమిది ముడులు పడ్డాయి. పైన మూడు. ఆ చివరి నుంచి ఇంకోసారి నడిచింది. మళ్లీ ఎనిమిది, మళ్లీ మూడు.

వేదిక ఎక్కి రామచంద్రం కుడి చెవి దగ్గరికి వంగింది. "రెండొందల మూడన్నా. ఐదు తక్కువైనయ్."

రామచంద్రం పెదాల మీద నవ్వు అలాగే ఉంది, కళ్లల్లోది మాత్రం పోయింది. మైకులో "జర చాయ్ తాగుండ్రి, రెండు నిమిషాలల్ల చెప్తం" అని చెప్పి, ఆమెను వెనక ఉన్న నూలు గదిలోకి రమ్మన్నాడు.

నూలు బస్తాల మధ్య ఇద్దరు నిలబడే చోటుంది. గంజి వాసన. రామచంద్రం తలుపు దగ్గరగా వేశాడు.

"మల్లొకసారి చూసినవా చెల్లే?"

"రెండుసార్లు చూసిన. ఎనిమిది కట్టలు, మీద మూడు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో ఎప్పటి చనువే ఉంది. "కట్టలా! సరే, చెప్పు. కార్ఖానల కట్టకు ఎన్నేస్తవ్?"

"ఇరవై ఐదు."

"అబద్ధం. ఇరవై ఆరేస్తవ్. నాకు తెల్వదా? మా ఇంట్ల మీ వదిన జేసేటిది అదే గదా. ఎందుకేస్తరు? చెకర్ పారేయొద్దని. కష్టం మట్టిపాలు గావొద్దని. ఇది గూడ గంతే అనుకో. పద్దెనిమిదేండ్ల కష్టం ఇది. కట్టకు ఒకటి ఎక్కువెయ్యి. ఎనిమిది కట్టలకు ఎనిమిది. రెండొందల పదకొండు. ఠరావ్ మంజూర్."

ఆయన ఇందులో తప్పు చూడలేదు. నిజంగానే చూడలేదు. అటుకుల పొట్లం మీద కొసరు అడిగినంత తేలిగ్గా అడిగాడు. సరోజకు కూడా ఒక్క క్షణం అది తేలికైన పనే అనిపించింది. ఎనిమిది చేతులు. ఎవరికి తెలుస్తుంది? రోజుకు నలభై కట్టలకు నలభై ఎక్కువ వేస్తున్న చెయ్యి, ఇవాళ ఒక్కరోజు ఎనిమిది వేస్తే ఏం పోతుంది? నోటిదాకా "సరే" వచ్చింది. వచ్చి ఆగింది.

"అన్నా," అంది. "చెకర్‌కు ఎక్కువేసే బీడీ నేను చుట్టింది. నా ఏళ్లు అరిగి చుట్టింది. నాది గాబట్టి ఇస్త. ఈ ఎనిమిది చేతులు నావి గావు. ఎవలియో గూడ తెల్వదు. వాళ్లు ఎత్తని చెయ్యి నేనెట్ల ఎత్తాలె?"

రామచంద్రం ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. నీ తర్వాత ఆ కుర్చీల కూసునేటోని మీద లేదు. వాడెవడో నాకు తెల్వదు, నీకు తెల్వదు. వాడు చెడ్డోడైతే వాన్ని దింపేటిదెట్లన్నా? దింపే దారి నువ్వే మూసిపోతివి."

"సేట్లు మనల్ని చీలుస్తున్నరంటే నీకు సమజైతలేదు."

"అయితుంది. బిర్యానీ తినుకుంట ఓటేసినోళ్లను నేను గూడ చూసిన. మరి మా రూపాలి ఏ సేటు బిర్యానీ తిన్నదన్నా? ఎలక్షన్ ఎప్పుడని అడిగింది. అడిగితే తీసేసిన్రు. నువ్వు గేటు ముంగట పండుకున్ననాడు నిన్నడిగిన్రు గదా మాలక్ మనుషులు, నువ్వెవడివి అడిగేతందుకని. ఇయాల అదే మాట మనం ఆ పోరిని అంటిమి."

ఇంత మాట తన నోట్లో ఉందని సరోజకే తెలియదు. రామచంద్రం ముఖం ఎర్రబడింది. ఆయనకు ఎవరైనా ఎదురు చెప్పి చాలా ఏళ్లయింది. ఎదురు చెప్పేవాళ్లను ఆయన తరిమేయలేదు, వాళ్లంతట వాళ్లే మానుకున్నారు. ఒకరికి పిల్లవాడి ఫీజు ఇప్పించాడు, ఒకరికి ఆపరేషన్ చేయించాడు. రుణపడ్డ నోళ్లు కాదనడం మరిచిపోయాయి. మరిచిపోయాయని ఆయనకు తెలియదు, అందరూ ఒప్పుకున్నారనే అనుకున్నాడు.

"శీనును స్కూటర్ మీద ఏసుకపోయిన్నాడు నేను లెక్క జూసిన్నా?" అన్నాడు.

"చూడలే. దానికి నా పాణమడుగు, ఇస్త. పాణం నాది. ఈ లెక్క మాత్రం మూడు వందల పన్నెండు మందిది."

"సరోజా. పద్నాలుగో నెంబర్ మగ్గం ఎవలిచ్చిన్రో యాదుంచుకో."

మాట బయటికి వచ్చాక రామచంద్రం తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుని ఉందో ఆయనకే తెలియనట్టుంది. వెనక్కి తీసుకుందామన్నట్టు చెయ్యి కదిలింది గానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శ్రీనివాస్ ఊపిరితిత్తులు ఆ జబ్బు తర్వాత సగమే పనిచేస్తున్నాయి. మధ్యమధ్య కూర్చుంటూ మగ్గం నడుపుతాడు. సంఘం కాబట్టి ఊరుకుంటున్నారు. బయట ఏ సేటూ అతన్ని పూట కూడా ఉంచుకోడు. పద్నాలుగో నెంబరు పోతే ఇల్లంతా సరోజ వేళ్ల మీదే నడవాలి. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా తెలిసింది, తెలిసి భయపడింది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఇంత గొప్ప మనిషి ఇంత చిన్న మాట అన్నాడే అని ఏడుపొచ్చింది.

"యాదున్నదన్నా," అంది. "నువ్వు ఇరవై ఒక్క రోజులు ఎండల పండుకొని తెచ్చిన మగ్గం అది. ఎట్ల మరుస్త?"

తలుపు తీసుకుని బయటికి నడిచింది.

ఆమె వేదిక మెట్లు ఎక్కే లోపలే రామచంద్రం వెనకనుంచి పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చి మైకు అందుకున్నాడు.

"రెండొందల పదకొండు! ఠరావ్ మంజూర్!"

చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరుసల్లో గట్టిగా, వెనక పలచగా. సిద్ధరాములు కళ్లద్దాలు సర్దుకుని రిజిస్టరులో పెన్ను పెట్టాడు. సరోజ ఇంకా రెండో మెట్టు మీదే ఉంది. అలాగే దిగిపోయి చాప మీద కూర్చుంటే సరిపోయేది. ఎవరూ ఆమెను ఏమీ అనరు. ఇంకా మాట్లాడితే, శ్రీనివాస్ సాయంత్రం తన ముఖం ఎలా చూస్తాడో తెలియదు. ఇవన్నీ అనుకుంటూనే మూడో మెట్టు ఎక్కింది.

"కాదు," అంది.

మైకు ఆమె దగ్గర లేదు. అయినా మగ్గాలు ఆగి ఉన్నాయి కదా, అందరికీ వినపడింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి.

"రెండొందల మూడు. నేను రెండుసార్లు లెక్కవెట్టిన. ఇగో, ఎనిమిది ముళ్లు. మీద మూడు. ఐదు తక్కువైనయ్. ఠరావు పాస్ గాలేదు."

దారం పైకెత్తి చూపించింది. ఎన్నో సభలు చూశాను, ఎందరో నాయకుల్ని చూశాను గానీ, ఆ మూడో మెట్టు మీద బీడీ దారం పట్టుకుని నిలబడ్డ ఆ ఇల్లాలిని తలుచుకుంటే నాకు లేచి నిలబడాలనిపిస్తుంది.

సిద్ధరాములు రామచంద్రం వైపు చూశాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన చెప్పిందే రాస్తున్న చెయ్యి అది. ఒకసారి దగ్గాడు. "సరోజా, ఎంతన్నవ్?"

"రెండొందల మూడు."

సిద్ధరాములు తల వంచి, ఒక్కో అంకెనూ దిద్దినట్టుగా రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. రాయడం అయ్యాక దగ్గలేదు.

రామచంద్రం అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా, దాదాపు ప్రేమగా అన్నాడు.

"మంచిది. మా చెల్లెకు కండ్లు సరిగ్గ ఆనలేదేమో. మల్ల చూద్దాం. ఈసారి చేతులొద్దు. ఠరావు వద్దన్నోళ్లు లేచి నిలబడుండ్రి. సిద్ధరాములూ, నిలబడ్డోళ్ల పేర్లు రాయి."

చెయ్యెత్తకుండా ఊరుకోవడం ఒక పని. లేచి నిలబడి పేరు రాయించుకోవడం వేరే పని. చేతులెత్తనివాళ్లు వంద మందికి పైనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా కదల్లేదు. కొందరు చాప పుల్లలు పీకుతున్నారు. శ్రీనివాస్ తల దించుకుని తన వంకర వేలునే చూసుకుంటున్నాడు.

"లెక్కవెట్టేటప్పుడు నేను ఓటెయ్యలే," అంది సరోజ. "నాది రాయి సిద్ధరాములన్నా. సరోజ. వద్దు."

వెనక కుట్టు మిషన్ల వైపు రూపాలి లేచింది. "రూపాలి. వద్దు." గొంతు కీచుగా వచ్చింది. అయినా నిలబడే ఉంది.

రామచంద్రం అటు చూసి నవ్వాడు. "ఇద్దరు. తల్లీబిడ్డ. ఇంకెవలన్న ఉన్నరా?"

ఎవరూ లేరు. ఆయన షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. ఆయన చూపు పడ్డచోట తలలు వంగాయి. సరోజ కళ్లు మూసుకుంది. ఇద్దరమే అనుకుంది. ఇద్దరమే మిగిలాం, మగ్గం పోయింది, అన్న పోయాడు.

ఆడవాళ్ల ముందు వరుసలో గాజులు చప్పుడయ్యాయి. చంద్రభాగ ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, నెమ్మదిగా లేచింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. చాయ్ కప్పులు తీయడానికి లేచిందనుకుని పక్కనున్న ఆమె దారి ఇచ్చింది. చంద్రభాగ ఎటూ కదల్లేదు. కొంగు తల మీదకు లాక్కుని, సిద్ధరాములు వైపు తిరిగి నిలబడింది.

"కూసో," అన్నాడు రామచంద్రం. మైకు దగ్గరే ఉంది కాబట్టి ఆ ఒక్క మాట షెడ్డంతా మోగింది.

ఆమె ఆయన వైపు చూడలేదు. "రాయి సిద్ధరాములన్నా."

సిద్ధరాములు పెన్ను గాల్లో ఆగింది. పాపం, ఏం అడగాలో తెలియక, "ఏమని రాయాలె చెల్లే?" అన్నాడు. "రామచంద్రం భార్య అని..."

"అట్ల రాయకు," అంది చంద్రభాగ. పద్దెనిమిదేళ్లలో ఆ షెడ్డు ఆమె గొంతు వినడం అదే మొదలు. "చంద్రభాగ. సభాసద్ నెంబర్ ఏడు. వద్దు."

రామచంద్రం మైకు కింద పెట్టాడు. వేదిక దిగి, చాపల మధ్య దారిలో ఆమె వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆయన కొట్టబోతున్నాడో, దండం పెట్టబోతున్నాడో, ఆయన్ని ఇన్నేళ్లుగా ఎరిగిన మూడు వందల మందిలో ఒక్కరికీ తెలియలేదు. చంద్రభాగ కూర్చోలేదు.